బొటనవేళ్ళ మీద సూది మచ్చలు

పోయిన వారం యోన్‌సిల్‌ని గుమ్మంలోనే నిలబెట్టి వచ్చేశాం. పాపం ఇంకా అక్కడే ఉంది, తలుపు సగం తీసి, మిగతా సగం తియ్యాలో వద్దో తేల్చుకోలేక.

ఆమె కూతురు బోరాకి ఏడేళ్ళు. పిల్ల రెండు బొటనవేళ్ళ మీద, గోటి మొదట్లో, నల్లగా గడ్డకట్టిన నెత్తురు చుక్కల్ని బడిలో నర్సు చూసింది. ఎవరు చేశారని అడిగితే, "మా నాయనమ్మ సూదితో గుచ్చింది" అని బోరా సంతోషంగానే చెప్పింది. ఎందుకంటే, "కడుపునొప్పి వచ్చింది కదా" అంది. కడుపు నొస్తే వేలికి సూది గుచ్చడమేమిటో నర్సుకి బోధపడలేదు. బోధపడకపోయినా, పిల్ల ఒంటి మీద గాయం చూసి ఊరుకునే వీలు బడివాళ్ళకి లేదు. పైవాళ్ళకి ఫోన్ చేసింది. ఆ పైవాళ్ళు యోన్‌సిల్‌కి ఫోన్ చేశారు. అందుకే ఈ గురువారం మధ్యాహ్నం యోన్‌సిల్ మొగుడు కీహో ఒక్కడూ లాండ్రీ కొట్లో చెమటలు కక్కుతూ ఇస్త్రీ చేసుకుంటూంటే, అతని భార్యా తల్లీ ఇంట్లో ఉండిపోయారు. లారెన్స్ వీధి వెనక సందులో, రెండో అంతస్తులో, ఆ ఇంటి గంట మోగింది.

"డోరీన్ మాజుర్‌నండీ. పిల్లల సంరక్షణ శాఖ నుంచి వచ్చాను" అంది బయట నిలబడ్డ పొడుగాటి మనిషి. నలభై దాటి ఉంటుంది. షికాగో గాలికి జుట్టంతా ఒక పక్కకి వాలిపోయింది. "లోపలికి రావచ్చా?"

యోన్‌సిల్ తలుపు తీసింది.

గుమ్మం పక్కన వరసగా పెట్టిన చెప్పుల్ని చూసి డోరీన్ ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పింది. ఎడమకాలి మేజోడు వేళ్ళ దగ్గర చిరిగి ఉంది. హాలు మధ్య చాప మీద కూర్చున్న ముసలి అత్తగారు మల్‌సూన్ మొదట ఆ బూట్లు విప్పడం చూసింది. తరవాత ఆ చిరుగు చూసింది.

"పెద్ద ఉద్యోగమన్నావు. మేజోడు కుట్టిపెట్టే దిక్కు లేదేమిటే ఈవిడకి?" అంది కోడలితో.

"అత్తయ్యా, మీరు మాట్లాడొద్దన్నానా!"

"ఏమంటున్నారు ఆవిడ?" అంది డోరీన్.

"రండి, కూర్చోండి అంటున్నారు."

డోరీన్ చాప మీదే కూర్చుంది, మోకాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక కాసేపు అవస్థపడుతూ. బోరా నాయనమ్మ వీపుకి ఆనుకుని కూర్చుని కొత్తమనిషిని కళ్ళప్పగించి చూస్తోంది. మల్‌సూన్ పళ్ళెంలో కోసిపెట్టిన బేరిపండు ముక్కల్ని, బార్లీ కాచిన నీళ్ళని అతిథి ముందుకి జరిపింది.

"వద్దండీ. పని మీద వచ్చినప్పుడు ఏమీ తీసుకోకూడదు."

యోన్‌సిల్ ఆ మాట చెప్పగానే ముసలమ్మ మొహం ముడుచుకుంది. "నేను విషం పెడతాననుకుందా?"

"కడుపు నిండుగా ఉందట అత్తయ్యా."

డోరీన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చూడండమ్మా, కొరియన్ తెలిసినాయన మా ఆఫీసులో వచ్చే వారం గానీ దొరకడు. ఈరోజుకి మీరే చెప్పాలి. కానీ ఆవిడ అన్నది అన్నట్టు చెప్పండి, నేను అన్నది అన్నట్టు చెప్పండి. తీపి కలపొద్దు. సరేనా?"

"సరేనండీ" అంది యోన్‌సిల్.  నిన్నంతా అత్తగారికి నూరిపోసింది, ముల్లు గుచ్చుకుందని చెబుదామని. ముసలమ్మ ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు.

"పాప వేళ్ళకి ఏమైంది?" అంది డోరీన్.

యోన్‌సిల్ ఆ ప్రశ్న చెప్పడం పూర్తయ్యేలోపే మల్‌సూన్ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకి చాపింది. "నేనే గుచ్చాను. ముల్లూ లేదు, గిల్లూ లేదు. గుచ్చాననే చెప్పు. బాగానే గుచ్చానని కూడా చెప్పు. నేనేం దొంగతనం చేశానా, మాట మార్చడానికి?"

యోన్‌సిల్ కళ్ళు దించుకుని చెప్పింది.

"ఎందుకు గుచ్చారు?"

"తిన్నది అడ్డం పడింది. చేతులు మంచుముద్దల్లా అయ్యాయి, మొహం తెల్లగా పాలిపోయింది. అట్లాంటప్పుడు లోపల నెత్తురు నిలబడిపోతుంది. బొటనవేలికి దారం చుట్టి, గోటి పైన ఒక్క పోటు పొడిస్తే నల్లటి చుక్క వస్తుంది. ఆ చుక్క పోతే దారి దొరుకుతుంది. తేన్పు వస్తుంది. పిల్ల లేచి ఆడుకుంటుంది. అంతే. మా అమ్మ నాకు చేసింది, నేను నా కొడుక్కి చేశాను. వాడు చచ్చాడా? ఎడ్లబండి చక్రంలా ఉన్నాడు."

డోరీన్ వింటోంది. మొహంలో కోపం లేదు, వెక్కిరింతా లేదు. కొత్త వంటకం ఎలా చేస్తారో వింటున్న దానిలా మెడ కాస్త వంచింది.

"ఏ సూది?"

"బట్టలు కుట్టే సూది. ఇంకేం సూది?"

"శుభ్రం చేస్తారా?"

"చెయ్యకపోతే ఎలా? ఇదిగో, ఇట్లా రెండుసార్లు తలలో రుద్దుతాను" అని మల్‌సూన్ లేని సూదిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని జుట్టులో బరబరా గీకి చూపించింది.

"మంట మీద కాలుస్తారండీ" అంది యోన్‌సిల్ గబగబా.

"కాదు!" అంది బోరా ఇంగ్లీషులో. "నాయనమ్మ కాల్చదు. తలలో గీకుతుంది. ఇలా ఇలా. జుట్టు నూనెకి సూది సాఫీగా దిగుతుందట."

యోన్‌సిల్ చెవులు ఎర్రబడ్డాయి. డోరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది. అది దగ్గు కాదని చాపమీదున్న అందరికీ తెలిసింది.

"తలలో రుద్దడం మాత్రం మానెయ్యమనండి" అంది కాసేపటికి. "అది మాత్రం నేను ఒప్పుకోను. అయితే వేలికెందుకు? నొప్పి కడుపులో కదా?"

"కొళాయి ఎక్కడ తిప్పుతావు, నీళ్ళు ఎక్కడ పడతాయి?" అంది మల్‌సూన్.

డోరీన్ నవ్వేసింది.

తరవాత పిల్ల పడుకునే చోటు చూడాలంది. లోపలి గదిలో నేలమీద రెండు పరుపులు మడత పెట్టి ఉన్నాయి, ఒకటి ముసలమ్మది, రెండోది పిల్లది. పక్క గదిలో చిన్న మంచం, గులాబీరంగు దుప్పటి, దాని మీద బొమ్మలు.

"ఆ గది ఎవరిది?"

"నాదే" అంది బోరా. "బొమ్మలు పడుకుంటాయి. నేను నాయనమ్మ దగ్గర."

"వేరే పడుకోవాలని లేదా?"

పిల్లకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. యోన్‌సిల్ చెప్పగానే ముసలమ్మకి అర్థమైంది. "అమ్మాయ్, ఒకటి అడుగు ఈవిణ్ణి. పిల్లలున్నారా?"

ఉన్నాడట, కొడుకు, పదకొండేళ్ళవాడు.

"వాణ్ణి ఎప్పటినుంచి వేరే పడుకోబెట్టింది?"

"మూడో నెల నుంచి" అంది డోరీన్. "వాడి గదిలో, ఉయ్యాలమంచంలో."

"తలుపేసి?"

"తలుపేసే."

"రాత్రి ఏడిస్తే?"

"కాసేపు చూసేవాళ్ళం. చాలాసార్లు వాడే ఊరుకునేవాడు."

మల్‌సూన్ రెండు చేతులూ నేలకి ఆనించి ముందుకి వంగింది. నిజంగానే తెలుసుకోవాలన్న ఆత్రం ఆమె గొంతులో. "మూడు నెలల పసికందుని చీకట్లో ఒక్కణ్ణే తలుపేసి పెట్టావా? మరి నీమీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదా?"

యోన్‌సిల్ నీళ్ళు నమిలింది. "మీరు బాగా అలిసిపోయినట్టున్నారని అంటున్నారండీ."

"తీపి కలపొద్దన్నాను" అంది డోరీన్.

యోన్‌సిల్ ఉన్నదున్నట్టు చెప్పింది. డోరీన్ వంగి గులాబీరంగు దుప్పటి అంచు సవరించింది. "లేదు, ఎవరూ చెయ్యలేదని చెప్పండి. మా అందరిళ్ళలోనూ అంతే. అందరూ చేసేది ఎవరికీ కనబడదు కదా!"

ఈ జవాబు ముసలమ్మకి నచ్చింది. ఎంత నచ్చిందంటే, హాల్లోకి తిరిగొచ్చాక కుట్టుపెట్టె తెరిచి దారపు ఉండ తీసింది. "చెయ్యి ఇయ్యమను. సూది లేదులే, భయపడొద్దను. ఊరికే చూపిస్తాను. మధ్యాహ్నం కారులో కూర్చుని గబగబా మింగినట్టుంది, మొహం చూస్తే తెలుస్తోంది."

నిజమే. దారిలో కారు ఆపి సాసేజి పెట్టిన రొట్టె నాలుగు కొరుకుల్లో తినేసి వచ్చింది డోరీన్. అలా చెయ్యి చాపడం ఉద్యోగధర్మం అవునో కాదో, చాపేసింది. మల్‌సూన్ ఆమె భుజం నుంచి మోచేతిదాకా, మోచేతి నుంచి మణికట్టుదాకా గట్టిగా నిమురుతూ, నెత్తురంతా వేళ్ళలోకి తోస్తున్నట్టు తోసి, బొటనవేలి కణుపుకి దారం బిగించింది. వేలి కొస వంకాయరంగుకి తిరిగింది. "ఇక్కడ. ఇదిగో ఇక్కడ ఒక్క పోటు." తరవాత దారం విప్పేసి, రెండో చేత్తో వీపు మీద రెక్కల మధ్య దబదబా చరిచింది.

డోరీన్ గట్టిగా తేన్చింది.

బోరా కిందపడి దొర్లి నవ్వింది. యోన్‌సిల్‌కీ నవ్వు ఆగలేదు. "చూశావా! సూది కూడా అక్కర్లేకపోయింది" అంది ముసలమ్మ, గెలిచినదానిలా.

డోరీన్ కూడా నవ్వింది గానీ ముందు ఆమె నవ్వే ఆగిపోయింది. దారం గుర్తు పడ్డ వేలిని రెండో చేత్తో రుద్దుకుంటూ అంది. "మా అమ్మమ్మ పోలండు నుంచి వచ్చింది. ఆవిడ గాజు కప్పులు వేడిచేసి మా వీపులకి పెట్టేది. గుండ్రటి మచ్చలు పడేవి."

"మాకూ ఉంది ఆ వైద్యం!" అని మల్‌సూన్ మొహం వెలిగిపోయింది. "అడుగు, అడుగు, జలుబుకేనా? నడుంనొప్పికి కూడానా?"

"అన్నిటికీ" అంది డోరీన్. "మా తమ్ముడికి కడుపునొప్పి వచ్చింది. బోరా అంత ఉంటాడేమో అప్పుడు. అమ్మమ్మ కప్పులు పెట్టింది. కాస్త తగ్గిందన్నాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పెట్టింది. మూడో రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. లోపల పేగు పగిలిపోయింది అప్పటికే. మా అమ్మమ్మ కంటే వాణ్ణి ప్రేమించినవాళ్ళు ఎవరూ లేరండీ. అదే నేను చెప్పొచ్చేది."

యోన్‌సిల్ ఈసారి ఒక్కమాట మార్చకుండా చెప్పింది. 

మల్‌సూన్ దారపు ఉండని చేతిలో తిప్పుతూ కూర్చుంది. "పేరేమిటి ఆ పిల్లాడిది?" అంది చివరికి.

"స్టాష్."

"స్టాష్" అని ముసలమ్మ తన నోటికి పట్టినట్టు పలికింది.

"సూది గుచ్చితే తప్పు అనడానికి రాలేదు నేను" అంది డోరీన్. "బడివాళ్ళకి అదే కనిపించింది కాబట్టి అదే చెప్పారు. నేను అడగాలనుకున్నది వేరే. వేళ్ళ మీద పాత మచ్చలు చాలా ఉన్నాయి. అంటే పిల్లకి తరచుగా నొప్పి వస్తోంది. ఎందుకొస్తోందో ఎవరైనా చూశారా?"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోజూ ఇంట్లో తినేదే, అన్నం, పులుసు, ఊరవేసిన కూర. అందరూ తినేదే. మిగతా ఎవరికీ ఏమీ లేదు.

డోరీన్ పిల్లవైపు తిరిగింది. "బోరా, నొప్పి ఎప్పుడొస్తుంది నీకు?"

"సాయంత్రం. వీళ్ళు కొట్టు నుంచి వచ్చాక."

"వీళ్ళు అంటే?"

"అమ్మా, నాన్నా, నాయనమ్మా."

యోన్‌సిల్ చటుక్కున పిల్ల చెయ్యి పట్టుకుంది. ఫోన్‌లో అడిగినప్పుడు తను ఏమని చెప్పింది! పిల్ల బడి నుంచి వచ్చేసరికి నాయనమ్మ ఇంట్లో ఉంటుందని చెప్పింది. నిజానికి ముసలమ్మ కూడా రోజూ కొట్లోనే ఉంటుంది, పాంట్ల అంచులు మడిచి కుడుతూ.

"నాయనమ్మ కొట్లో ఉంటే, బడి నుంచి వచ్చాక తలుపెవరు తీస్తారమ్మా?"

"నేనే!" అంది బోరా. మెడలోని తాడు పైకి లాగి దానికి వేలాడుతున్న తాళంచెవి చూపించింది. తాళం తియ్యడం తనకి వచ్చునని చెప్పుకునే గర్వం పిల్లది.

గదిలో ఇంతసేపూ ఉన్న చనువంతా ఒక్కసారిగా చల్లారిపోయింది. డోరీన్ వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. "మీరు నాతో వేరేలా చెప్పారు."

"తప్పే" అంది యోన్‌సిల్. "భయపడి చెప్పాను."

"ఏం జరిగిందే?" అంది అత్తగారు. విని, విసుగ్గా చెయ్యి ఊపింది. "ఇంతేనా! నా ఏడో ఏట తమ్ముణ్ణి వీపున కట్టుకుని పొయ్యి మీద అన్నం వండేదాన్నని చెప్పు. చేలో ఉన్న మా అమ్మకి గంప నెత్తిన పెట్టుకుని పట్టుకెళ్ళేదాన్ని. ఇది తాళం తీసుకుని లోపల కూర్చుంటే ప్రళయమా?"

"మీరు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు చుట్టుపక్కల ఎవరుండేవారు?" అంది డోరీన్.

"ఎవరుండడమేమిటి? అందరూ. ఎదురింటావిడ, వాళ్ళ అత్త, నూతి దగ్గర నీళ్ళు తోడేవాళ్ళు. పొగ ఎక్కువొస్తే చాలు, ఏమైందే పిల్లా అని పదిమంది లోపలికొచ్చేవాళ్ళు. ఒంటరిగా ఉండాలంటే కొండెక్కాలి మా ఊళ్ళో."

"ఇక్కడ ఎదురింట్లో ఎవరుంటారు?"

మల్‌సూన్ వీధి తలుపు వైపు చూసింది.  మెట్లకి అవతల తలుపుంది, దాని మీద అంకె ఉంది. లోపల ఎవరో దగ్గుతుంటారు. అంతకు మించి ఆమెకి తెలియదు. ఈ ఊరొచ్చి రెండేళ్ళయినా తెలియదు.

"మరి ఇక్కడి ఎదురింటివాళ్ళు ఎందుకు తొంగిచూడరో అడుగు" అంది, పౌరుషంగా మొదలుపెట్టి మెల్లగా ముగిస్తూ. "మచ్చ కనబడితే ఫోన్ చేస్తారు గదా. తలుపెందుకు కొట్టరు?"

 అడిగినదాంట్లో తప్పు లేదని డోరీన్‌కీ తెలుసు. కానీ ఏడేళ్ళ పిల్ల తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఉంటోందన్న మాట విన్నాక, వినలేదని వెళ్ళిపోవడం ఆమె చేతిలో లేదు. ఆ మాటే నెమ్మదిగా చెబుతోంది, ఇకనుంచి ఎవరో ఒకరు ఇంట్లో ఉండితీరాలని, లేకపోతే విషయం న్యాయస్థానందాకా వెళుతుందని. యోన్‌సిల్ తలవంచుకుని వింటోంది.

అమ్మ కళ్ళలో నీళ్ళు చూసి బోరాకి గాభరా వేసింది. అమ్మని కాపాడాలనిపించింది.

"నేను ఒక్కదాన్నే ఉండను" అంది ఇంగ్లీషులో డోరీన్ మోచెయ్యి పట్టుకుని. "నాతో ఉంటుందిగా..." అని ఆగింది. ఆ తరవాతి మాటకి ఇంగ్లీషులో ఏమనాలో పిల్లకి తెలియదు. ఇంట్లో మాటే అనేసింది. "పెద్దమ్మ."

మధ్యాహ్నం నుంచీ ఇంగ్లీషు మాటలన్నీ గాలిలా చెవి పక్కనుంచి పోతున్న మల్‌సూన్‌కి ఆ ఒక్కమాట మాత్రం సూటిగా వచ్చి తగిలింది.

"పెద్దమ్మా? ఏ పెద్దమ్మ?" అంది పిల్లతో.

"ఏమంది పాప?" అంది డోరీన్ తల్లితో.

యోన్‌సిల్ పిల్ల వైపు తిరిగింది.

"పెద్దమ్మే నాయనమ్మా" అంది బోరా. "వెనక మెట్లమీంచి వస్తుంది. గురువారం వస్తుంది, ఒక్కోసారి మంగళవారం. చాక్లెట్టు పాలు తెస్తుంది, పెద్ద గ్లాసుడు, అందులో ఐస్‌క్రీము వేసి. నా తల దువ్వుతుంది. పాటలు పాడుతుంది. అమ్మలాగే నవ్వుతుంది. అచ్చం అమ్మలాగే." మళ్ళీ డోరీన్ కోసం అదంతా ఇంగ్లీషులో చెప్పి, చివర ఇంకొకటి చేర్చింది. "అమ్మకి ఇప్పుడే చెప్పొద్దంది. తనకి ముందు ధైర్యం రావాలట."

పాలు! పాలు పడని ఒళ్ళు ఆ ఇంట్లో అందరిదీ. కీహో గుక్కెడు తాగినా రాత్రంతా పొర్లుతాడు. వారానికొకసారి వచ్చే ఆ నొప్పికి కారణం ఇదా అని మల్‌సూన్‌కి అరక్షణంలో తట్టింది. కానీ అంతకంటే పెద్ద ముడి ఒకటి ఎదురుగా కనబడుతోంది.

"మా కోడలు ఒక్కతే బిడ్డ" అంది మెల్లగా, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు. "అక్కచెల్లెళ్ళు లేరు. పెళ్ళి మాటలప్పుడు అదే చెప్పారు. ఈ పెద్దమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

డోరీన్ గొంతు ఇప్పుడు పూర్తిగా మారిపోయింది. "బోరా తల్లిగారూ, మీకు తెలియకుండా ఒక మనిషి మీ ఇంట్లోకి వచ్చి మీ పాపతో ఉంటోంది. తినిపిస్తోంది. తల్లికి చెప్పొద్దంటోంది. నా ఉద్యోగంలో ఇంతకంటే భయపడే మాట ఇంకోటి లేదు. ఆమె ఎవరో మీకు తెలుసా? తెలియకపోతే నేను ఇప్పుడే పోలీసులకి ఫోన్ చెయ్యాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలియదంటే పోలీసులు. తెలుసంటే అత్తగారు.

యోన్‌సిల్‌కి అక్క ఉంది. పేరు యోనోక్. అమెరికా సైనికుడొకణ్ణి పెళ్ళాడి వెళ్ళిపోయింది. వెళ్ళిన రోజునుంచి ఆ పేరు ఇంట్లో పలకడానికి లేదన్నాడు తండ్రి. ఫోటోల్లోంచి ఆమె బొమ్మ కత్తిరించేశాడు. యోన్‌సిల్‌కి సంబంధం వచ్చినప్పుడు, విదేశీ సైనికుడితో వెళ్ళిన అక్క ఉందంటే పరువైన ఇంటివాళ్ళు గడప తొక్కరని, ఒక్కతే కూతురని చెప్పమంది పెళ్ళిళ్ళ పేరమ్మ. చెప్పారు. అప్పటినుంచి యోన్‌సిల్ ఆ అబద్ధం కిందే కాపురం చేసింది. కీహోకి కూడా తెలియదు. అక్క ఏ రాష్ట్రంలో ఉందో, అసలు ఉందో లేదో, తనకీ తెలియదు. ఇవాళ్టిదాకా.

"తెలుసు" అంది ఇంగ్లీషులో. "మా అక్క."

"సొంత అక్కేనా?"

"సొంత అక్కే."

డోరీన్ ఊపిరి వదిలింది. కానీ మల్‌సూన్ కోడలి మొహం మీంచి కళ్ళు తియ్యలేదు. "ఏం చెప్పావు ఆవిడకి? నాతో కూడా చెప్పు. తీపి కలపకు."

ఆ చివరి మాట ఆవిడకెలా తెలిసిందో! అర్థం తెలియకపోయినా, మధ్యాహ్నం నుంచి కోడలు ఎక్కడెక్కడ మాట మారుస్తోందో గొంతును బట్టే పసిగట్టినట్టుంది.

యోన్‌సిల్ చాప మీద మోకాళ్ళు వంచి, రెండు చేతులూ నేలకి ఆనించి, నుదురు వాటి మీద పెట్టింది. "నాకు అక్క ఉంది అత్తయ్యా. పెళ్ళిలో దాచారు. నేనూ దాచాను."

 బోరా వంటింటి వైపు తల తిప్పి చెవులు రిక్కించింది.

"వచ్చింది" అంది.

చెక్కమెట్లు కిర్రుమంటున్నాయి. అడుగులు పైకొచ్చి ఆగాయి. వంటింటి వెనకతలుపు మీద ఎవరో చిన్నగా, పిల్లలతో ఆడుకునే తాళంలో కొట్టారు.

యోన్‌సిల్ లేవబోయింది.  డోరీన్ కూడా లేవబోయేసరికి ముసలమ్మ చెయ్యి ఎత్తి ఇద్దరినీ ఆపింది. ఇది తన ఇల్లు. మోకాళ్ళు పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్ళి, గొళ్ళెం తీసింది.

బయట పొడుగుకోటు తొడుక్కున్న ఒకామె, చేతిలో మూతపెట్టిన కాగితం గ్లాసు. కనుబొమలు, గడ్డం, పెదవి మూలల్లో ఆ వంపు, అన్నీ యోన్‌సిల్‌వే, పదేళ్ళు ముదిరి, ఎండకి మాగి. ముసలమ్మని చూడగానే నిలువునా బిగుసుకుపోయింది. తరవాత నడుం వంచి లోతుగా నమస్కరించింది, ఎన్నాళ్ళుగానో ఎవరికీ పెట్టని నమస్కారంలా.

"పాలు తెచ్చేది నువ్వేనన్నమాట" అంది మల్‌సూన్.

ఆమె తలెత్తింది. ఏదో చెప్పబోయి, ముసలమ్మ భుజం మీదుగా హాల్లోకి చూసింది. చెల్లెల్ని చూడలేదు. పిల్లనీ చూడలేదు. చాప మీంచి లేచి నిలబడ్డ డోరీన్ మాజుర్‌ని చూసింది. చేతిలో గ్లాసు జారి గడప మీద పడి మూత ఊడింది. పాలు ముసలమ్మ పాదాల మీదుగా లోపలికి పారాయి.

డోరీన్ మొహంలో కూడా నెత్తురు లేదు.

"మళ్ళీ నువ్వేనా?" అంది యోనోక్ ఇంగ్లీషులో. "అప్పుడూ ఇలాగే ఇంటికొచ్చి నా కొడుకుని తీసుకుపోయావు. చాలలేదా?"